ముఖం కాదు, పందెం చదవండి: హోల్డెమ్ పోకర్‌లో ఎదుటివారిని అంచనా వేసే పద్ధతి

ఆ అబ్బాయి చేతులు వణుకుతున్నాయి. చిప్స్, అంటే పందెం బిళ్లల, దొంతర ముందుకు నెడుతుంటే పైనున్న రెండు జారి బల్ల మీద దొర్లాయి. నాకు లోపల పండగలా ఉంది. భయపడుతున్నాడు, చేతిలో ఏమీ లేదు, బెదిరించి పాట్, అంటే మధ్యలో పోగైన పందెమంతా, లాక్కుందామని చూస్తున్నాడు అని తేల్చేసుకుని, ఒక్క జతతో కాల్ చేశాను, అంటే అతను పెట్టినంతా నేనూ పెట్టాను. అతను ముక్కలు తిప్పాడు. మూడు తొమ్మిదులు.

చేతులు భయంతోనే వణకవు. మంచి ముక్కలు పడినప్పుడు ఆనందాన్ని అణచుకోలేక కూడా వణుకుతాయి. పేకాట బల్ల దగ్గర చాలాసార్లు కారణం ఈ రెండోదే. సినిమాల్లో చూసి నేర్చుకున్న మనస్తత్వ శాస్త్రం ఆ సాయంత్రం నా చిప్స్‌లో మూడో వంతు తీసుకుపోయింది.

తర్వాత ఒక సంగతి చదివి ఇంకాస్త సిగ్గుపడ్డాను. 2017 జనవరిలో అమెరికాలోని పిట్స్‌బర్గ్‌లో కార్నెగీ మెలన్ విశ్వవిద్యాలయం తయారుచేసిన లిబ్రాటస్ అనే ప్రోగ్రాం నలుగురు వృత్తి ఆటగాళ్లతో 20 రోజుల పాటు 1,20,000 ఆటలు ఆడింది. చివరికి 17 లక్షల డాలర్లకు పైగా విలువ కట్టిన చిప్స్ ఆధిక్యంతో గెలిచింది. దానికి కళ్లు లేవు. ఎవరి చెయ్యి వణికిందో, ఎవరు గుటకలు మింగారో దానికి తెలియదు. దాని ముందున్నవి ముక్కలు, పందేలు మాత్రమే. వాటితోనే గెలిచింది. అందుకే ఈ మార్గదర్శిలో ముఖాల గురించి చాలా ఆలస్యంగా, అదీ కొద్దిగానే మాట్లాడుకుందాం.

హోల్డెమ్ కొత్తవారికి నియమాలు క్లుప్తంగా చెబుతాను. ఒక్కొక్కరికి రెండు ముక్కలు మూసి పంచుతారు. మధ్యలో అందరికీ ఉమ్మడిగా అయిదు ముక్కలు పడతాయి. మొదట ఒకేసారి పడే మూడింటిని ఫ్లాప్ అంటారు, తర్వాతి ముక్క టర్న్, చివరిది రివర్. మొత్తం ఏడింటిలో మేలైన అయిదు ముక్కల కూర్పు ఎవరిదైతే పాట్ వారిది. పంచిన వెంటనే ఒకసారి, ఆ తర్వాత ఒక్కో దశలో ఒక్కోసారి, మొత్తం నాలుగు విడతలు పందెం నడుస్తుంది. మీ వంతు వచ్చినప్పుడు ఫోల్డ్ అని ముక్కలు పారేయవచ్చు, కాల్ అని సమానంగా పెట్టి కొనసాగవచ్చు, పెంచవచ్చు. అప్పటికి ఎవరూ ఏమీ పెట్టకపోతే చెక్ చెప్పి ఊరుకోవచ్చు. మూడు ముక్కలాట తెలిసినవారికి పందెం పెంచుకుంటూ పోవడం కొత్త కాదు. ఎవరు ఏ ముక్క ఎత్తారో, ఏది పడేశారో గుర్తుపెట్టుకోవడం రమ్మీ ఆడేవారికి అలవాటే. హోల్డెమ్‌లో ఈ రెండూ పనికొస్తాయి.

చట్టం మాట కూడా ఇక్కడే చెప్పేస్తాను. రమ్మీ ప్రధానంగా నైపుణ్యంతో కూడిన ఆట అని, మూడు ముక్కలాట కేవలం అదృష్టమని 1967లో సుప్రీంకోర్టు తేడా చెప్పింది. సికింద్రాబాదులోని ఒక క్లబ్బు మీద ఆంధ్రప్రదేశ్ ప్రభుత్వం నడిపిన కేసు అది. కానీ కాలం మారింది. తెలంగాణ 2017లో, ఆంధ్రప్రదేశ్ 2020లో తమ గేమింగ్ చట్టాలను సవరించి డబ్బుతో ఆడే ఆన్‌లైన్ ఆటలను నిషేధించాయి. 2025 ఆగస్టులో పార్లమెంటు చేసిన చట్టం ఆ నిషేధాన్ని దేశమంతటికీ తెచ్చింది. కాబట్టి ఇక్కడ చెప్పేదంతా డబ్బు లేని బల్ల కోసం. మా ఇంట్లో చింతపిక్కలతో మొదలుపెట్టాం, ఇప్పుడు ప్లాస్టిక్ చిప్స్ కొన్నాం. డబ్బు లేకపోతే అందరూ ప్రతిదానికీ కాల్ చేస్తారు కదా, ఇక చదవడానికి ఏముంటుంది అని మీరు అడగవచ్చు. నిజమే, మాకూ ఆ తలనొప్పి వచ్చింది. ఎవరి దగ్గర ఎన్ని చిప్స్ మిగిలాయో ప్రతి శనివారం ఒక పుస్తకంలో రాసి, నెలాఖరుకు కలిపి, అట్టడుగున ఉన్నవారు అందరికీ టీ కాచిపెట్టాలని నియమం పెట్టాం. పరువు డబ్బు కంటే గట్టి పందెం అని అప్పుడే తెలిసింది.

1. ముక్కలు చూసే ముందు చోటు చూసుకోండి

పంచేవారి స్థానాన్ని గుర్తించే బిళ్లను బటన్ అంటారు. ఫ్లాప్ తర్వాత బటన్ దగ్గరున్నవారు అందరికంటే చివర మాట్లాడతారు. అందరూ ఏం చేశారో చూశాక నిర్ణయం తీసుకునే అవకాశం వారిది. ఎదుటివారిని చదవడానికి ఇంతకన్నా మంచి కుర్చీ లేదు. ఎనిమిది మంది బల్లలో మొదట మాట్లాడాల్సి వచ్చినప్పుడు పది ఆటల్లో ఒకటికి మించి ఆడకండి. తొమ్మిదుల జత, అంతకు పైజతలు, ఆసు-రాజు, ఆసు-రాణి లాంటివి చాలు. బటన్ మీద ఉన్నప్పుడు మూడు, నాలుగు ఆటల్లో ఒకటి ఆడినా తప్పులేదు.

ఎవరి దగ్గర ఎన్ని చిప్స్ ఉన్నాయో కూడా ఇప్పుడే చూడండి. నాలుగు పందేలలో అయిపోయేంత చిన్న దొంతర ఉన్నవారిని బెదిరించడం దండగ. వాళ్లు ఎలాగూ అంతా పెట్టేయడానికి సిద్ధంగా ఉంటారు.

2. మనిషి గురించి రెండే ప్రశ్నలు

మీరు ముక్కలు పారేసిన ఆటల్లోనే అసలు పని ఉంటుంది. చాలామంది అప్పుడు ఫోను తీస్తారు. మీరు తీయకండి. మొదటి అరగంటలో ఒక్కొక్కరి గురించి రెండు సంగతులు తెలుసుకోండి. పది ఆటల్లో ఎన్నింటిలోకి దిగుతున్నారు? దిగినప్పుడు పెంచుతూ దిగుతున్నారా, ఎవరో పెట్టినదానికి సమానంగా పెట్టి ఊరుకుంటున్నారా?

తక్కువ ఆటలు ఆడుతూ, ఆడినప్పుడల్లా పెంచేవారు ఒక రకం. వారు పందెం వేస్తే నమ్మండి, ఆలోచించి దారి ఇవ్వండి. ఎక్కువ ఆటలు ఆడుతూ ప్రతిసారీ పెంచేవారి దగ్గర సగంసార్లు సరుకు ఉండదు. వాళ్లకు మంచి ముక్కలతో ఓపికగా కాల్ చేస్తే చాలు, తాడు వాళ్లే బిగించుకుంటారు.

కానీ ఇళ్లలో, స్నేహితుల మధ్య జరిగే ఆటల్లో మీకు ఎక్కువగా కనిపించేది మూడో రకం. నేను వాళ్లను ‘చూద్దాం’ వర్గం అంటాను. మీరు ఎంత పెట్టినా ‘చూద్దాం’ అంటూ చిప్స్ పడేస్తారు. వారికి ఓడిపోతామన్న భయం కంటే మీ ముక్కలు చూడలేకపోతామన్న బాధ ఎక్కువ. వీరి ముందు బ్లఫ్, అంటే చేతిలో ఏమీ లేకుండా బెదిరింపు, ఆడినవారు తెలివైనవారైనా మూర్ఖులతో సమానం. మంచి ముక్కలు ఉంటే మామూలుకంటే పెద్ద పందెం వేయండి, లేకపోతే నోరు మూసుకుని చెక్ చెప్పండి. వాళ్లతో ఆడటానికి ఇంతకంటే పెద్ద శాస్త్రం అక్కర్లేదు. ఇంకో సంగతి: ‘చూద్దాం’ వర్గం మనిషి ఎప్పుడైనా రివర్ మీద తనే లేచి పందెం పెంచితే, మీ చేతిలో రెండు జతలున్నా పారేయండి. ఏడాదిలో నాలుగుసార్లు పెంచే మనిషి సరదాకు పెంచడు.

3. ఒక్క చెయ్యి కాదు, ఒక గుంపు

కొత్తవారు చేసే పెద్ద తప్పు ఎదుటివారి దగ్గర ఫలానా ముక్కలే ఉన్నాయని ఊహించుకోవడం. ‘ఆసుల జతే, నాకు తెలుసు’ అంటారు. ఎవరికీ తెలియదు. మనం చేయగలిగిందల్లా అలా ఆడేవారి దగ్గర ఉండగల చేతులన్నీ, అంటే రెండేసి ముక్కల కూర్పులన్నీ, ఒక గుంపుగా పెట్టుకుని, పందెం పందేనికీ అందులోంచి కొన్నింటిని తీసేయడం. ఆ గుంపునే రేంజ్ అంటారు.

కాస్త లెక్క చూద్దాం. 52 ముక్కల్లోంచి రెండు ముక్కలు 1,326 రకాలుగా రావచ్చు. ఏదైనా ఒక జత, ఉదాహరణకు రాజుల జత, రావడానికి 6 దారులు. ఆసు-రాజు రావడానికి 16 దారులు, ఎందుకంటే నాలుగు ఆసుల్లో ప్రతిదానికీ నాలుగు రాజులున్నాయి. ఈ తేడా మనసులో నాటుకోవాలి.

ఇప్పుడు ఆచితూచి ఆడే మనిషి ఒకరు మొదటి కుర్చీలోంచి పెద్దగా పెంచారు. అలా ఆయన ఆసులు, రాజులు, రాణుల జతలతోనూ, ఆసు-రాజుతోనూ మాత్రమే చేస్తారని మీకు తెలుసు. మూడు జతలకు 18 దారులు, ఆసు-రాజుకు 16. మొత్తం 34. అంటే ఆయన చేతిలో ఇంకా జతే కాని ముక్కలు ఉండే అవకాశం దాదాపు సగం. మీ చేతిలో జాకీల జత ఉందనుకుందాం. ఫ్లాప్‌లో తొమ్మిది, ఏడు, రెండు పడ్డాయి. 34లో 18 మిమ్మల్ని ఓడిస్తున్నాయి, 16 మీకు ఓడుతున్నాయి. బింకంగా ఉండొచ్చు, కనీసం ఒక పందెం వరకు.

అదే ఫ్లాప్ రాజు, ఏడు, రెండు అయితే? బల్ల మీద ఒక రాజు కనబడింది కాబట్టి రాజుల జతకు ఇక 3 దారులే మిగిలాయి, ఆసు-రాజుకు 12. ఆసులకు 6, రాణులకు 6. మొత్తం 27, ఆ 27లో ప్రతి ఒక్కటీ మీ జాకీల కంటే పైచేయే. ఒక్క ముక్క మారింది, నిర్ణయం తిరగబడింది. ఆయన ముఖంలో ఏ మార్పూ అక్కర్లేదు.

మీ చేతిలోని ముక్కలు కూడా ఎదుటివారి గుంపును కోస్తాయి. మీ దగ్గర ఒక ఆసు ఉంటే ఎదుటివారికి ఆసుల జత వచ్చే దారులు 6 నుంచి 3కు పడిపోతాయి.

ఇదంతా బల్ల దగ్గర నోటితో లెక్కపెట్టలేరు. ఆట లేని రోజున పేక తీసి, ఒక ఫ్లాప్ వేసి, కాగితం మీద గుంపు రాసి చూడండి. నెల తిరిగేసరికి సుమారు లెక్క కంటికి దానంతట అదే కనబడుతుంది.

4. పందెం చెప్పే కథ అతుకుతుందా?

ప్రతి పందెం ఒక వాక్యం. నాలుగు విడతల్లో నాలుగు వాక్యాలు కలిసి ఒక కథ అవుతుంది. ‘నా దగ్గర రంగు ఉంది’, అంటే ఒకే గుర్తు ముక్కలు అయిదు ఉన్నాయి, అని రివర్‌లో చెబుతున్న మనిషి ఫ్లాప్‌లోనూ, టర్న్‌లోనూ రంగు కోసం ఎదురుచూసేవాడిలాగే ఆడాడా? కథ అతకకపోతే అప్పుడు అనుమానించండి.

మా బల్ల దగ్గర ఒక పెద్దాయన ఉన్నారు. రిటైరయ్యారు, అందరం బాబాయి అంటాం. ఆయనతో జరిగిన ఒక ఆట చూపిస్తాను. బ్లైండ్లు, అంటే ముక్కలు చూడకుండా ఇద్దరు ముందే పెట్టే పందేలు, 1, 2 చిప్స్. బాబాయి మూడో కుర్చీలోంచి 6 పెట్టారు. నేను బటన్ మీద ఇస్పేటు రాజు, ఇస్పేటు పదితో కాల్ చేశాను. మిగతావారు పారేశారు. పాట్ 15.

ఫ్లాప్: ఆఠీన్ రాజు, ఆఠీన్ ఎనిమిది, కళావర్ మూడు. బాబాయి 5 పెట్టారు, నేను కాల్. పాట్ 25. టర్న్ ఇస్పేటు ఆరు. బాబాయి చెక్ అన్నారు, నేనూ చెక్. రివర్ డైమన్ రెండు. బాబాయి 25 చిప్స్ లెక్కపెట్టి, దొంతరగా కట్టి, ముందుకు జరిపారు. పాట్ అంత పందెం.

ఆయన కథను మొదటినుంచి చదివాను. రెండు ఆఠీన్లు ఉన్న ఫ్లాప్ అది. నిజంగా గట్టి చెయ్యి ఉన్నవారు టర్న్‌లో చెక్ చెప్పి, ఎదుటివారికి రంగు ముక్క ఉచితంగా చూసే అవకాశం ఇవ్వరు. మూడు ఎనిమిదులో, ఆసుల జతో ఉంటే టర్న్‌లోనే పందెం వేసేవారు. రాజు-రాణి, రాజు-జాకీ లాంటి మధ్యరకం చేతులైతే టర్న్‌లో చెక్ చేయడం సహజమే, కానీ వాటితో రివర్‌లో ఇంత పెద్ద పందెం వేయరు, ఏ పదో పన్నెండో వేస్తారు. మరి ఇంత పందేనికి మిగిలిందేమిటి? ఒకటి, ఉచ్చు వేద్దామని టర్న్‌లో ఊరుకున్న ఆసు-రాజు. రెండు రాజులు కనబడుతున్నాయి కాబట్టి దానికి 8 దారులు. రెండోది, ఆఠీన్ కోసం ఎదురుచూసి రాక మిగిలిపోయిన చేతులు. ఆయన పెంచి మొదలుపెట్టగలిగినవి లెక్కపెడితే ఆసు, రాణి, జాకీ, పదులలో ఏ రెండు ఆఠీన్లయినా 6.

25 పెట్టి 50 గెలవాలి, అంటే మూడుసార్లలో ఒకసారి నెగ్గితే నాకు నష్టం లేదు. 14లో 6 బ్లఫ్‌లంటే 43 శాతం. ఆ సాయంత్రం అప్పటికే ఆయన రెండుసార్లు ఉత్తచేత్తో పాట్ లాగిన మనిషి. కాల్ చేశాను.

ఆసు-రాజు.

‘టర్న్‌లో నేను తగ్గితే నువ్వు ఎగురుతావనుకున్నానురా’ అన్నారు బాబాయి, చిప్స్ దగ్గరకు లాక్కుంటూ. నా కాల్ తప్పా? ఇప్పటికీ కాదనే అంటాను. వందకు 57 సార్లు ఓడిపోయే నిర్ణయం కూడా సరైన నిర్ణయం కావచ్చు, ధర అలా ఉంటే. కానీ ఆయన గురించి కొత్త సమాచారం దొరికింది, దాన్ని ఇంటికెళ్లాక పుస్తకంలో రాసుకున్నాను. ఆ పుస్తకం సంగతి చివర్లో చెబుతాను.

5. ధర లెక్క

పైన చేసిన లెక్కనే పాట్ ఆడ్స్ అంటారు. మీరు పెట్టాల్సినదాన్ని, మీరు పెట్టాక అయ్యే మొత్తం పాట్‌తో భాగించండి. పాట్ 60, ఎదుటివారు 30 పెట్టారు. మీరు 30 పెడితే మొత్తం 120. 120లో 30 అంటే 25 శాతం. అంతకంటే ఎక్కువసార్లు గెలుస్తామనుకుంటే కాల్, లేకపోతే ఫోల్డ్. నాలుగు అంకెలు కంఠస్థం చేయండి:

- పాట్‌లో మూడో వంతు పందేనికి కాల్ చేయాలంటే 20 శాతం గెలుపు కావాలి
- సగం పాట్‌కు 25 శాతం
- పూర్తి పాట్‌కు 33 శాతం
- రెండు పాట్‌లంత పందేనికి 40 శాతం

ఇంకా పూర్తికాని చెయ్యి ఉన్నప్పుడు, అంటే రంగుకో సీక్వెన్స్‌కో ఒక ముక్క తక్కువైనప్పుడు, మిమ్మల్ని గెలిపించే ముక్కలు ఎన్ని మిగిలాయో లెక్కపెట్టండి. నాలుగు ఆఠీన్లు ఉంటే ఇంకా 9. ఏడు, ఎనిమిది, తొమ్మిది, పది ఉంటే రెండు వైపులా కలిపి 8. మధ్యలో ఒక్క ముక్కే అతకాలంటే 4. ఇంకా ఒక ముక్కే పడాల్సి ఉంటే ఆ సంఖ్యను 2తో, రెండు ముక్కలు పడాల్సి ఉంటే 4తో గుణిస్తే సుమారు శాతం వస్తుంది. రంగుకు టర్న్ మీద 18 అని వస్తుంది, కచ్చితమైన లెక్క 19.6. ఫ్లాప్ మీద 36 అని వస్తుంది, నిజానికి 35. పర్వాలేదు, బల్ల దగ్గరికి ఇది చాలు.

ఇక్కడ చాలామంది జారిపడే చోటు ఒకటుంది. 4తో గుణించేది ఒకే ధరకు రెండు ముక్కలూ చూడగలిగితేనే, అంటే ఫ్లాప్‌లోనే ఎవరో ఒకరి చిప్స్ అన్నీ లోపలికి వెళ్లిపోయినప్పుడు. మామూలుగా అయితే టర్న్ మీద మళ్లీ పందెం పడుతుంది, మళ్లీ కట్టాలి. కాబట్టి ఫ్లాప్‌లో కూడా 2తో గుణించడమే క్షేమం.

పైన చెప్పిన 60 పాట్, 30 పందెం టర్న్ మీద పడిందనుకుందాం, మీకు రంగుకు ఒక ముక్క తక్కువ. కావలసింది 25 శాతం, ఉన్నది 20 లోపు. ధర గిట్టదు. అయితే రంగు పడ్డాక ఎదుటివారు ఇంకొంత పెడతారన్న నమ్మకం ఉంటే? మీకు కనబడని ముక్కలు 46. అందులో 37 మిమ్మల్ని ఓడిస్తాయి, ప్రతిసారీ 30 పోతుంది, అంటే 1,110. గెలిచే 9 సార్లలో ప్రతిసారీ 124 రావాలి. పాట్‌లో ఇప్పుడున్నది 90. మిగతా 34 రివర్‌లో ఆయన దగ్గరనుంచి రాబట్టగలరా? ‘చూద్దాం’ వర్గం అయితే తప్పకుండా. మూడో ఆఠీన్ కనబడగానే ముక్కలు పారేసే పిసినారి అయితే కష్టం. ఎదుటివారిని చదవడం, లెక్క వేయడం రెండూ కలిసేది ఇక్కడే.

6. పందెం మీరు వేస్తున్నప్పుడు

చిప్స్ మీద చెయ్యి వేసే ముందు ఒక ప్రశ్న: నాకంటే తక్కువ చేతులు ఏవైనా దీనికి కాల్ చేస్తాయా, లేదా నాకంటే ఎక్కువ చేతులు ఏవైనా భయపడి పారేస్తాయా? రెండింటికీ జవాబు ‘లేదు’ అయితే పందెం ఎందుకు? ‘ఎక్కడున్నానో తెలుసుకుందామని వేశాను’ అంటారు చాలామంది. చెక్ చెబితే అదే సంగతి ఉచితంగా తెలుస్తుంది.

బ్లఫ్‌కూ ధర ఉంది. సగం పాట్ పెట్టి బెదిరిస్తే, మూడింట ఒకసారి ఎదుటివారు పారేస్తే చాలు. పాట్ అంతా పెడితే సగంసార్లు పారేయాలి. అందుకే చిన్న బ్లఫ్‌లు చవక. అలాగని మరీ చిన్నదైతే ఎవరూ పారేయరు. ఒక్కరే ఎదురుగా ఉన్నప్పుడు ఆడండి, ముగ్గురుంటే ఎవరో ఒకరు ‘చూద్దాం’ అంటారు. అసలు ఉత్తచేతులతో కాకుండా, ఇంకో ముక్క పడితే గెలిచే చేతులతో బెదిరించడం మేలు. పారేస్తే పాట్ మీది, పారేయకపోయినా ముక్క పడొచ్చు.

దీనికి నాకు తెలిసిన గొప్ప ఉదాహరణ 2003 వరల్డ్ సిరీస్ ఆఫ్ పోకర్ ప్రధాన పోటీ ఆఖరి పోరు, లాస్ వేగాస్‌లో. టెనెసీ రాష్ట్రానికి చెందిన అకౌంటెంట్ క్రిస్ మనీమేకర్ 86 డాలర్ల ఆన్‌లైన్ పోటీ గెలిచి అక్కడిదాకా వచ్చాడు. 839 మందిలో చివరికి మిగిలింది అతనూ, ఆరితేరిన సామ్ ఫర్హా. మనీమేకర్ చేతిలో ఇస్పేటు రాజు, ఆఠీన్ ఏడు. ఫర్హా చేతిలో ఇస్పేటు రాణి, ఆఠీన్ తొమ్మిది. ఫ్లాప్ ఇస్పేటు తొమ్మిది, డైమన్ రెండు, ఇస్పేటు ఆరు. ఫర్హాకు బల్ల మీదున్న పెద్ద ముక్కతో జత పడింది. టర్న్ ఇస్పేటు ఎనిమిది. ఇప్పుడు మనీమేకర్‌కు రంగుకు ఒక ముక్క, సీక్వెన్స్‌కు ఒక ముక్క తక్కువ. ఫర్హా మూడు లక్షలు వేస్తే అతను ఎనిమిది లక్షలకు పెంచాడు. ఫర్హా కాల్ చేశాడు. రివర్ ఆఠీన్ మూడు. మనీమేకర్‌కు ఏదీ పడలేదు, చేతిలో ఉన్నది రాజు ఒక్కటే. ఫర్హా చెక్. మనీమేకర్ ఉన్న చిప్స్ అన్నీ పెట్టేశాడు. ఫర్హా చాలాసేపు ఆలోచించి, గెలిచే ముక్కలను పారేశాడు.

అందరూ మనీమేకర్ టోపీ, నల్లకళ్లద్దాల గురించి, బొమ్మలా కూర్చోవడం గురించి చెబుతారు. నేను చూసేది టర్న్‌లో పెంచడం. మూడు ఇస్పేట్లు పడగానే పెంచినవాడు రివర్‌లో అన్నీ పెడితే కథ అతుకుతుంది. పైగా ఇస్పేటు రాజు తన చేతిలోనే ఉంది కాబట్టి ఫర్హా దగ్గర ఆ రాజుతో రంగు ఉండే అవకాశమే లేదు. ఆ పోటీ గెలిచి మనీమేకర్ 25 లక్షల డాలర్లు తీసుకెళ్లాడు.

7. చేతులు, కళ్లు, కబుర్లు

ఇప్పుడు ముఖాల సంగతి, ఇచ్చిన మాట ప్రకారం కొద్దిగా. ముందు ఆ మనిషి మామూలుగా ఎలా ఉంటారో తెలియాలి. ఎప్పుడూ కాలు ఊపేవారి కాలు ఊగితే అర్థం లేదు, ఆగితే ఉంది. ఫ్లాప్ చూడగానే కళ్లు తన చిప్స్ మీదికి వెళ్లినవారు చాలాసార్లు పందెం వేయబోతున్నారు. నిట్టూర్చి, తల అడ్డంగా ఊపి, ‘సరేలే’ అంటూ పెంచేవారిని అస్సలు నమ్మకండి, అది నాటకం. కన్ను ఆర్పకుండా మిమ్మల్నే చూస్తున్నవారు తరచుగా మీరు కాల్ చేయకూడదని కోరుకుంటున్నవారే. ఆలోచించకుండా టక్కున కాల్ చేస్తే సాధారణంగా మధ్యరకం చెయ్యి లేదా ఇంకో ముక్క కోసం చూస్తున్న చెయ్యి. బలమైన ముక్కలుంటే పెంచాలా అని ఒక్క క్షణమైనా ఆగుతారు.

ఇవన్నీ తక్కెడలో చివర వేసే చిన్న రాళ్లు. కథ, లెక్క రెండూ సమానంగా తూగినప్పుడే వీటిని వేయండి.

మీ సంగతి కూడా చూసుకోండి. మీ వంతు వచ్చాకే ముక్కలు చూడండి. తేలికైన నిర్ణయానికీ, కష్టమైన నిర్ణయానికీ ఒకే సమయం తీసుకోండి. చిప్స్ ఎప్పుడూ ఒకేలా పెట్టండి. నేను మంచి ముక్కలు పడితే వీపు నిటారుగా పెట్టి కూర్చుంటానని మా ఆవిడ రెండేళ్ల తర్వాత చెప్పింది. ఆ రెండేళ్లూ ఆమె నా మీద ఎలా గెలిచిందో అప్పుడు అర్థమైంది.

8. ‘పోయినచోటే వెతుక్కోవాలి’

జూదం మీద మన భాషలో ఉన్న అతి ప్రమాదకరమైన సామెత ఇదే. పెద్ద పాట్ ఒకటి దురదృష్టంతో పోయాక మనిషి ఆడేది పోకర్ కాదు, పగ. ఆసుల జత రాజుల జతకు ఎదురైతే వందలో 82 సార్లు గెలుస్తుంది, అంటే 18 సార్లు ఓడుతుంది. ఆ 18లో ఒకటి మీకు తగిలిన రాత్రి తర్వాతి ఆటకు ముందు లేచి నీళ్లు తాగి రండి. నేను పెట్టుకున్న నియమం ఇది: కోపంతో కాల్ చేశానని నాకు నేనే ఒప్పుకున్న మరుక్షణం ఆ సాయంత్రానికి ఆట అయిపోయినట్టే. పాటించింది సగంసార్లే.

ఇది చింతపిక్కల మాట. డబ్బు పోగొట్టుకుని, దాన్ని రాబట్టడానికి అప్పు చేసే దశలో ఎవరైనా ఉంటే ఈ వ్యాసంలోని ఏ లెక్కా వారికి పనికిరాదు. 14416 నంబరుకు ఫోను చేస్తే ప్రభుత్వ మానసిక ఆరోగ్య సేవ టెలి మానస్‌లో ఉచితంగా మాట్లాడేవారు ఉంటారు, తెలుగులోనూ మాట్లాడతారు.

9. నోటు పుస్తకం

ఆట అయ్యాక రెండే రెండు ఆటలు రాయండి. గెలిచినవి కాదు, నిర్ణయం కష్టమైనవి. పాట్ ఎంత, ఎవరు ఎంత పెట్టారు, ఎదుటివారి గుంపు ఏమనుకున్నారు, చివరికి ఏం చూపించారు. ఒక్కో మనిషికి ఒక పేజీ. బాబాయి పేజీలో ఆ రాత్రి నేను రాసినవి రెండు వాక్యాలు: ‘గట్టి ముక్కలతో టర్న్‌లో చెక్ చేస్తారు. ఆ చెక్ చెప్పేటప్పుడు కబుర్లు ఆపుతారు.’

మూడు నెలల తర్వాత మళ్లీ అలాంటి ఆటే వచ్చింది. నా చేతిలో రాజు-రాణి, ఫ్లాప్‌లో రాణి, తొమ్మిది, నాలుగు. బాబాయి ముందే పెంచారు, ఫ్లాప్‌లో చిన్న పందెం వేశారు. అప్పటికి ఆయన తమ ఊరి చెరువు తెగిన ఏడాది కథ చెబుతున్నారు. నీళ్లు బడి మెట్ల దాకా వచ్చాయన్న చోట టర్న్ పడింది. చెక్ అన్నారు. కథ ఆగింది. నేనూ చెక్ అన్నాను. రివర్‌లో ఎవరికీ పనికిరాని రెండు పడింది. పాట్ 30, బాబాయి 30 పెట్టారు.

ధర అదే, 33 శాతం. గుంపు మాత్రం అది కాదు. గట్టి చేతులు టర్న్‌లో పందెం వేస్తాయని కిందటిసారి తీసేసినవన్నీ, ఆసుల జత, రాజుల జత, ఆసు-రాణి, మూడు తొమ్మిదులు, ఈసారి మళ్లీ లోపలికి తెచ్చి లెక్కపెట్టాను. బ్లఫ్‌ల వాటా మూడో వంతుకు రాలేదు. రాజు-రాణిని పారేశాను.

బాబాయి తన ముక్కలు మూసే ఉంచి, పేక కట్టలో కలిపేశారు. నేను అడగలేదు. చిప్స్ సర్దుకుంటూ, ‘ఎక్కడిదాకా చెప్పాను? ఆ, బడి మెట్లు’ అన్నారు.